పక్షము, పక్షపాతము: స్పెయిను అంతర్యుద్ధమును గూర్చిన కొన్ని రచనలు

పక్షమనఁగా ఱెక్క, వైపు, నెలలో సగము. తర్కశాస్త్రమునఁ బక్షమనఁగా సాధ్యమును సాధింపవలసిన చోటు. ఈ యర్థములలో నొక్కటియు దోషమును దెలుపునది కాదు. ఆ మాటకే 'పాతము' చేరినంతనే యది దూషణమగును. ఒక పక్షమును వహించినవానిని మనము తప్పుపట్టము; పక్షపాతిని న్యాయాసనముమీఁదఁ గూర్చుండనీయము. ఈ రెండు మాటలకు నడుమనున్న దూరమెంతయో తెలిసికొనుటకు నిఘంటువు చాలదు. పొరుగింట అన్నదమ్ములు కత్తులు దూసికొన్నప్పుడు వాకిట నిలిచి చూచువానికి అది తెలియవచ్చును. పరదేశమున అంతర్యుద్ధము రేఁగినప్పుడు, అచ్చట భూమిగాని యిల్లుగాని పాతపగగాని లేని రచయిత యొకఁడు కలముతోనో కాయముతోనో ఒక వైపునకుఁ జేరినచో, ఆ చేరికకుఁ బ్రమాణమేమి? చేరిన పిదప ఆ వైపువారు చేయు ఘోరములలో నాతని పాలెంత? 1936 మొదలు 1939 వఱకు స్పెయిను దేశమున జరిగిన యుద్ధమును గూర్చి పరదేశీయులు వ్రాసిన రచనలలోఁ గొన్నింటిని ఈ ప్రశ్నతోఁ బరిశీలింపఁ దలఁచితిని.

యుద్ధకథ పాఠకులలోఁ జాలమంది యెఱిఁగినదే. 1936 జూలై 17, 18 తేదీలలో మొరాకోలోను స్పెయినులోను సైనికాధికారులు రిపబ్లికు ప్రభుత్వముపైఁ దిరుగఁబడిరి. కొద్దికాలములోనే ఫ్రాంకో వారికి నాయకుఁడయ్యెను. జర్మనీయు ఇటలీయు ఆతనికి విమానములను, సైనికులను బంపినవి. సోవియట్టు రాజ్యము రిపబ్లికునకు ఆయుధములమ్మెను. ఈ యుద్ధమున జోక్యము చేసికొనమని 27 దేశములు 1936 ఆగస్టులో ఒడంబడిక చేసికొన్నవి. ఆ 27 దేశములలో జర్మనీ, ఇటలీ, సోవియట్టు రాజ్యములును గలవనుట ఈ కథలో హాస్యరసమునకుఁ జెందిన యొకేయొక ఘట్టము. ఏఁబదికిఁ బైగా దేశములనుండి దాదాపు 35,000 మంది తమంతఁ దామే పోయి అంతర్జాతీయ దళములలోఁ జేరి రిపబ్లికు పక్షమునఁ బోరిరి. 1939 ఏప్రిల్ 1వ తేదీన ఫ్రాంకో విజయమును బ్రకటించెను.

ఇంతవఱకుఁ జూచినచోఁ బక్షము నెన్నుకొనుట కష్టము కాదు. ఎన్నికలవలన నేర్పడిన ప్రభుత్వముపై సేనానులు తిరుగఁబడుట అన్యాయమని చెప్పుటకుఁ బాండిత్యమక్కఱలేదు. చిక్కు దాని తరువాతఁ గలదు. యుద్ధరంగమునఁ గాక దాని వెనుక ఊళ్లలో, చెఱసాలలలో, త్రోవప్రక్కలఁ జంపఁబడినవారిని ఇటీవలి చరిత్రకారులు లెక్కించియున్నారు. రిపబ్లికు వశమందున్న ప్రాంతములలో నట్టివారు దాదాపు 50,000. ఫ్రాంకో వైపున లక్షకుఁ బైగా. మొదటి లెక్కలోఁ గ్రైస్తవ మతగురువులు, సన్న్యాసులు, సన్న్యాసినులు కలిసి 7,000కు దగ్గఱ. రెండు లెక్కలు సమానములు కావు. చంపినవారి యుద్దేశములును సమానములు కావు. ఫ్రాంకో వైపున హింస సేనానుల యాజ్ఞతో సాగెను. రిపబ్లికు వైపున నది చాలవఱకు అధికారము చెదరిపోయిన తొలినెలలలోఁ జెలరేఁగెను. చరిత్రకారునకు ఈ భేదము ముఖ్యము. కాని చంపఁబడిన రొట్టెలవాని ముసలితండ్రికి ఈ భేదమును జెప్పి యొప్పింపఁగలవారెవరు? ఆ ముసలివాఁడు కల్పితుఁడు కాఁడు. ఆతని ప్రసంగము ముందు వచ్చును.

1937 జూన్ నెలలో నాన్సీ క్యూనార్డు అను ఆంగ్లరచయిత్రి, మఱికొందఱి సంతకములతోఁ గూడ, బ్రిటిషు ద్వీపములలోని రచయితలకు ఒక ప్రశ్నాపత్రమును బంపెను. మీరు రిపబ్లికు పక్షమా, ఫ్రాంకో పక్షమా అనునది ప్రశ్న. ఏ పక్షమును వహింపక యుండుట యిఁక సాధ్యము కాదని ప్రశ్నలోనే చెప్పఁబడెను. ప్రత్యుత్తరములను లెఫ్టు రివ్యూ అను పత్రికవారు ఆ సంవత్సరముననే చిన్నపుస్తకముగాఁ బ్రకటించిరి. అందు రిపబ్లికు వైపు 127, ఫ్రాంకో వైపు 5, తటస్థములు 16. ఆంగ్లసాహిత్యచరిత్రకారులు ఈ సంఖ్యలను దఱచు చెప్పుచుందురు. ఆ కాలపు రచయితల మనస్సాక్షికి వీనిని నిదర్శనముగాఁ జూపుదురు.

పుస్తకమును దెఱచి చూచినచో సంఖ్యలు చెప్పనిది కొంత తెలియును. ఫ్రాంకో వైపు లెక్కింపఁబడిన యైదుగురిలో నవలాకారుఁడు ఎవెలిన్ వా ఒకఁడు. ఆతఁడు వ్రాసినదాని తాత్పర్యమిది: తాను స్పెయినువాఁడైనచో ఫ్రాంకో వైపునఁ బోరెడివాఁడు; ఆంగ్లేయుఁడగుటచే రెండు కీడులలో నొకదానిని ఎన్నుకొనవలసిన దుఃస్థితి తనకు లేదు; తాను ఫాసిస్టు కాఁడు. ఇది ఫ్రాంకో పక్షమని చెప్పుట సరియైన పఠనమేనా? వా గారి యభిరుచి యెటో దాఁపరికము లేదు, నిజమే. కాని ఆతని వాక్యములో 'అయినచో' అను పదము గలదు. స్వదేశీయునకు విధి, పరదేశీయునకు స్వేచ్ఛ యను భేదము అందే యున్నది. ప్రశ్నాపత్రమునకు ఆ భేదముతోఁ బనిలేదు. టి. ఎస్. ఎలియట్ తటస్థులలోఁ జేరెను. కొందఱు సాహిత్యపరులైనను ఈ సమష్టికార్యములకు దూరముగా నుండుట మేలని ఆతని మతము. ఇది గౌరవనీయమైన మాటవలె వినఁబడును. గెర్నికా పట్టణముపై 1937 ఏప్రిల్ 26న బాంబులు కురిసిన రెండు నెలలకు ఈ ప్రశ్న వచ్చినదని జ్ఞాపకము చేసికొనునప్పుడు మాత్రము ఆ మాట కొంచెము చల్లగాఁ దోఁచును. జార్జి ఆర్వెల్ ఆ సంవత్సరముననే స్పెయినులో గొంతునఁ దూటాతగిలి తిరిగివచ్చెను. ఆతఁడు ఆ ప్రశ్నాపత్రమునకుఁ దిట్లతో జవాబు వ్రాసెను, అది పుస్తకమునకెక్కలేదు. రిపబ్లికు కొఱకు నెత్తురు చిందించినవాని జవాబే రిపబ్లికు పక్షపు పుస్తకమునఁ జోటుచేసికొనలేకపోవుట గమనింపఁదగినది.

కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ విషయము పాఠపరిశోధకులకు మిక్కిలి యుపయుక్తమైనది. ఆతఁడు 1937 జనవరిలో స్పెయినునకుఁ బోయెను, మార్చిలోఁ దిరిగివచ్చెను. మే నెలలో 'స్పెయిన్' అను దీర్ఘకవితను జిన్నపుస్తకముగాఁ బ్రకటించి, దానిపై వచ్చు సొమ్మును స్పెయినునకుఁ బంపు వైద్యసహాయమునకిచ్చెను. గతమును, భవిష్యత్తును ఇరుప్రక్కల నిలిపి, నడుమ 'నేఁడు' పోరాటమని చెప్పుట కవితానిర్మాణము. అందు పోరాటమున నిమిడియున్న పాపమును మనము తెలిసియే యంగీకరింపవలెనను చోట, హత్యకు 'అవసరమైన' యను నర్థమిచ్చు విశేషణమును గవి చేర్చెను. 1940లో ఆర్వెల్ తన 'తిమింగిలము కడుపులో' అను వ్యాసమున ఈ విశేషణమును బట్టుకొనెను. హత్య యెవనికిఁ గేవలమొక మాటయో వాఁడే యట్లు వ్రాయఁగలఁడనియు, తాను చంపఁబడినవారి శరీరములను జూచినవాఁడనియు ఆతని వాదము. ఆ సంవత్సరముననే ఆడెన్ ఆ విశేషణమును దొలఁగించి, 'హత్య యను యథార్థము' అను నర్థము వచ్చునట్లు దిద్దెను. 1966లో వెలువడిన తన కవితాసంకలనమునుండి ఆ కవితనే తొలఁగించెను. కడపటి చరణమున మంచికిని గెలుపునకును సమానత్వము కల్పించితినని తనకుఁ దోఁచినదఁట. అది దుష్టసిద్ధాంతమని ఆతఁడే వ్రాసెను.

కవి తన రచనను దిద్దుకొను నధికారమును ఎవరును గాదనరు. కాని మూఁడు పాఠములను వరుసగాఁ బెట్టి చూచినచో నాకు మొదటిదే మేలనిపించును. ఏలయన మొదటి పాఠమున దోషము కనఁబడుచున్నది. ఒక పక్షమును వహించినవాఁడు, చంపుటకు సిద్ధపడకయే యుద్ధమును సమర్థించినచో నది బొంకు. కనుక ఆ యంగీకారమును గవి బయటఁబెట్టెను. సంపూర్ణశాంతివాది కాని ప్రతివాఁడును జెప్పక తప్పనిదానినే తాను జెప్పితిననియు, ఆర్వెల్ విమర్శ అన్యాయమనియు ఆడెన్ పిదపఁ జెప్పిన మాటలో సత్యము లేకపోలేదు. దిద్దిన పాఠమున హత్య మిగిలెను, దానిని ఆమోదించినవాఁడు మాయమయ్యెను. లోపము 'అవసరము' అను మాటలో లేదు. ఆ యవసరమును నిర్ణయించినవాఁడు లండనునఁ గూర్చుండి యుండుటలోఁ గలదు. బార్సిలోనాలో దేవాలయములన్నియు మూయఁబడియుండుట చూచి తన మనస్సు కలఁతపడినదని ఆడెన్ 1956లో వ్రాసెను. 1937నాఁటి కవితలో ఆ మూసిన తలుపులకుఁ జోటు లేదు. ఆతఁడు చూచినదొకటి, పాడినదొకటి. పక్షము పక్షపాతముగా మాఱుచోటు ఇదియే యని నేననుకొందును. ఆతఁడు బొంకలేదు, చూచినదానిలోఁ గొంత ఇరువదియేండ్లు దాఁచుకొనెను.

ఆర్వెల్ మార్గము వేఱు. 1936 డిసెంబరులో బార్సిలోనా చేరి, పౌమ్ అను చిన్న మార్క్సువాద పక్షపు దళమునఁ జేరి, అరగాను సరిహద్దున హ్వెస్కా పట్టణమునెదుట కందకములలో చలికిని పేలకును నోర్చి నిలిచెను. 1937 మే తొలివారమున బార్సిలోనా వీథులలో రిపబ్లికు పక్షమువారే తమలోఁ దాము కాల్చుకొనిరి. మే 20న ఆతని గొంతున గుండు దూసికొనిపోయెను. జూన్ నాఁటికి పౌమ్ నిషేధింపఁబడెను. దాని నాయకుఁడు ఆంద్రెయు నీన్ చెఱపట్టఁబడి చంపఁబడెను. ఫ్రాంకో గూఢచారులని ముద్రపడి ఆ దళమువారు చెఱలోఁ బడుచుండఁగా ఆర్వెల్ భార్యతోఁ గూడ ఫ్రాన్సునకుఁ దప్పించుకొనెను. తాను ఎవరి కొఱకుఁ బోరెనో వారి రక్షకభటులనుండి పాఱిపోవలసివచ్చెను. 1938 ఏప్రిలులో వెలువడిన 'హోమేజ్ టు కెటలోనియా' ఆ యనుభవమునకు ఫలము. దానిని అంతకుముందే ఒక వామపక్ష ప్రకాశకుఁడు నిరాకరించెను. 1,500 ప్రతులు అచ్చొత్తఁబడెను. రచయిత బ్రతికియుండఁగా నవి యన్నియు నమ్ముడుపోలేదు.

ఈ పుస్తకమును మెచ్చుకొనువారు దఱచు దాని నిష్పక్షపాతమును మెచ్చుకొందురు. అది పొరపాటు. తాను నిష్పక్షపాతిని కాననియు, తాను చూచినది సంఘటనలలో నొక మూలమాత్రమే యనియు, తన పక్షపాతము విషయమున జాగ్రత్తగా నుండుమనియు ఆర్వెల్ పాఠకునే హెచ్చరించును. ఇంతటి కథ నడచిన పిదపఁగూడ ఆతఁడు రిపబ్లికు పక్షమును విడువలేదు. 1940 తరువాత స్పెయిను యుద్ధమును మరల స్మరించుచు వ్రాసిన వ్యాసమున నొక చిన్న కథ గలదు. ఒక తెల్లవాఱుజామున శత్రుపక్షపు సైనికుఁడొకఁడు కందకపు గోడమీఁద, జాఱిపోవుచున్న పంట్లామును రెండు చేతులఁ బట్టుకొని పరువెత్తెను. ఆర్వెల్ తుపాకి పేల్చలేదు. తాను ఫాసిస్టులను గాల్చుటకు వచ్చెను గాని, పంట్లాము పట్టుకొని పరువెత్తువాఁడు ఫాసిస్టు కాఁడు, తనవంటివాఁడే యని ఆతనికిఁ దోఁచెను. దీనికి గొప్ప యర్థము కల్పింపవలదని రచయితయే చెప్పును. నేనును గల్పింపను. ఆ కాలపు యుద్ధకవితలలో అట్టి పంట్లాము కనఁబడుట మాత్రము మిక్కిలి యరుదు.

ఇఁక జార్జి బెర్నానోస్, సిమోన్ వేయ్. ఈ యిరువుర రచనలను జదువుటకే ఈ వ్యాసమంతయు నుపోద్ఘాతమనినను దప్పులేదు.

బెర్నానోస్ ఫ్రెంచి నవలాకారుఁడు, నిష్ఠగల కాథలిక్కు, రాజపక్షవాది. ఒకప్పుడు ఆక్సియోఁ ఫ్రాఁసేజ్ అను తీవ్ర రాజపక్షమునకుఁ జెందినవాఁడు. ఇంటి ఖర్చులు తగ్గునని 1934లో స్పెయినునకుఁ జెందిన మయోర్కా ద్వీపమునఁ గాపురము పెట్టెను. తిరుగుబాటు వచ్చినప్పుడు ఆతని సానుభూతి తిరుగఁబడినవారియందే యుండెను. ఆతని కుమారుఁడు వారి ఫలాంహె దళమునఁ జేరెను. తరువాత ఆతఁడు చూచినది పోరాటము కాదు. ఆ ద్వీపమునఁ జెప్పుకోఁదగిన యెదిరింపే లేదు. అయినను రాత్రివేళ లారీలు పల్లెలకుఁ బోయి, పట్టికలోని పేళ్లు చదివి, మనుష్యులను దీసికొనిపోయి శ్మశానపు గోడలకడఁ గాల్చుచుండెను. మతాధికారులు ఆ పనిని ఆశీర్వదించిరి, లేదా కన్నులు మూసికొనిరి. ఈస్టరు పండుగకు దేవాలయమునఁ బ్రసాదము గైకొన్నవారికిఁ బత్రములిచ్చు నేర్పాటును గూర్చి ఆతఁడు వ్రాసిన పుటలు చదువువారికి నొడలు జలదరించును. భయముచేత దేవుని యెదుట మోఁకరిల్లుట, మోఁకరిల్లనివాని పేరు పట్టికకెక్కుట! 1938లోఁ బ్రకటింపఁబడిన 'వెన్నెలలోని మహాశ్మశానములు' అను నర్థముగల గ్రంథమున ఆతఁడు తన మతాచార్యులను, తన పక్షమును, తన మిత్రులను బేరుపెట్టి నిలదీసెను.

గ్రంథముగాఁ జూచినచో నది లోపములు లేనిది కాదు. రచయిత కోపము నదివలెఁ బాఱి గట్లు తెంచుకొనును. మయోర్కా విషయము నడుచుచుండఁగా ఫ్రెంచి రాజకీయములపై నలువది పుటలు తిట్లు వచ్చును. తన యౌవనమున నాశ్రయించిన యూదద్వేషి గురువును ఆతఁడు పూర్తిగా వదలుకొనలేదు. అయినను దీని విలువ లోపములవలనఁ దగ్గదు. రిపబ్లికువాఁడు వ్రాసియున్నచో ఇవే సంగతులు శత్రువు నిందగాఁ దీసివేయఁబడి యుండును. బెర్నానోస్ వ్రాసినందున అవి సాక్ష్యమయ్యెను. సాక్ష్యశాస్త్రమునఁ దన కహితమైన యంగీకారమునకు బలమెక్కువ యనుట మనవారికిఁ దెలిసినదే.

ఆ గ్రంథమును జదివి 1938లో ఆతనికి ఉత్తరము వ్రాసినది సిమోన్ వేయ్. ఆమె 1909లోఁ బుట్టినది, తత్త్వశాస్త్రోపాధ్యాయిని, కార్మికుల పక్షమునఁ బనిచేయుటకై కర్మాగారములలోఁ గూలిపని చేసినది. 1936 ఆగస్టులో స్పెయినునకుఁ బోయి, ఎబ్రో నదీతీరమున అరాజకవాదుల నాయకుఁడు దుర్రుతి దళమునకుఁ జెందిన పరదేశీయుల గుంపులోఁ జేరెను. ఆమె చూపు మందము. కొద్దిదినములకే నేలలోఁ బాతిపెట్టిన కాఁగు నూనెలోఁ గాలుపెట్టి కాల్చుకొని సెప్టెంబరులో ఫ్రాన్సునకుఁ దిరిగివచ్చెను. అక్టోబరులో ఆ గుంపులోఁ జాలమంది పోరాటమునఁ జచ్చిరి.

ఉత్తరమున ఆమె తాను స్పెయినునకేల పోయెనో చెప్పినచోటు ఈ వ్యాసవిషయమునకు ఆయువుపట్టు. తనకు యుద్ధమునందుఁ బ్రీతి లేదు. కాని యుద్ధమునఁ దనకు మిక్కిలి యసహ్యమైనది వెనుకనున్నవారి స్థితి. ప్యారిసులో నున్నను మనస్సు ఆ యుద్ధమునఁ బాల్గొనకుండ లేకపోయెను. ప్రతిదినమును ప్రతిక్షణమును ఒకరి గెలుపును, ఒకరి యోటమిని గోరుచుండెను. అట్లు కోరుచుండఁగాఁ బ్యారిసే తనకు యుద్ధపు వెనుకభాగమయ్యెను, కావున రైలెక్కెను. కూర్చున్నచోటనుండి పరుల చావును గోరు ననాయాసమైన యధికారమును ఆమె తన కిచ్చుకొనలేదు.

అచ్చటఁ జూచినవి ఆమె కొన్ని చెప్పును. ఒక మతగురువును జంపఁబోవుచుండఁగా, తాను చూచుచు నూరకుందునా, అడ్డుపోయి తానుగూడఁ గాల్పఁబడుదునా యని ఆమె తన్నుఁ దాను బ్రశ్నించుకొనెను; ఏదో యదృష్టమువలన ఆ చంపుట జరుగలేదు; తానేమి చేసియుండునో తనకే తెలియదని వ్రాసెను. పదునైదేండ్ల ఫలాంహె బాలుఁడొకఁడు పట్టువడెను. దుర్రుతి ఆతనికిఁ గొంతసేపు హితోపదేశము చేసి, చచ్చుటకో తమలోఁ జేరుటకో నిశ్చయించుకొనుమని ఇరువదినాలుగు గంటలు గడువిచ్చెను. బాలుఁడు చేరననెను, కాల్పఁబడెను. దుర్రుతి కొన్నివిషయములలో మెచ్చఁదగినవాఁడని చెప్పుచునే, ఆ బాలుని చావు తన మనస్సునుండి పోవుటలేదని ఆమె వ్రాసెను. మఱియొక సంగతి సిట్జెస్ అను ఊరిది. మయోర్కాపై దండెత్తి యోడిపోయి వచ్చినవారిలో ఆ యూరి యువకులు తొమ్మండుగురు చనిపోయిరి. వెంటనే పగతీర్చుకొనుటకై, ఏమియు జరుగని ఆ యూరిలో ఫాసిస్టులనఁబడిన తొమ్మండుగురు చంపఁబడిరి. అందొకఁడు ముప్పదియేండ్ల రొట్టెలవాఁడు. వాఁడే దిక్కుగా నున్న ముసలితండ్రికి మతి చలించెను.

చదువరి ఒక్కక్షణమాగి ఈ రెండు రచనలను బ్రక్కప్రక్కనఁ జూడవలెను. మయోర్కాలో బెర్నానోస్ చూచిన శవములును, మయోర్కానుండి తిరిగివచ్చినవారు సిట్జెసులో వేసిన శవములును ఒకే దండయాత్రకు ఇరుప్రక్కలనున్నవి. ఒకరు ద్వీపమునుండి వ్రాసిరి, ఒకరు తీరమునుండి వ్రాసిరి. ఇరువురును దమ వైపువారిని గూర్చియే వ్రాసిరి.

వారికి అభిప్రాయభేదమును గలదు. క్రూరత్వమునకు మూలము భయమని బెర్నానోస్ మతము. తానున్నచోట భయము అంతటి పని చేసినట్లు కనఁబడలేదని వేయ్ ప్రత్యాఖ్యానము. ఆమె చూచినది వేఱు: ఒక తెగ మనుష్యుల ప్రాణమునకు విలువలేదని అధికారము చెప్పినపిదప, చంపుట మనుష్యునకు మిక్కిలి సహజమగును. ఇంటికడ నింకొకనిపైఁ జేయియెత్తని నెమ్మదస్థులు, ఫ్రాన్సునుండి వచ్చినవారు, భోజనమువేళఁ జిఱునవ్వుతో ఆ కథలు చెప్పుకొనుచుండిరి. ఇరువురిలో ఆమె మాటయే యెక్కువ లోఁతైనదని నాకుఁ దోఁచుచున్నది. భయము తీఱిన పిదపఁ గ్రూరత్వము తగ్గునని బెర్నానోస్ సిద్ధాంతమునుండి యాశపడవచ్చును. వేయ్ సిద్ధాంతమున నా యాశకుఁ జోటులేదు. ఇంకొక్కటి: అరగానులోని పేదకాఁపులకును, వారికొఱకే తుపాకిపట్టినవారికిని నడుమ, పేదవానికిని ధనికునికిని ఉన్నంత యగాధమును ఆమె చూచెను, ఒక వైపు వినయము, జంకు, ఒక వైపు చనవు, పెత్తనము. పరదేశమునకు ధర్మరక్షణమునకై పోవువాఁడు ఎవరిని రక్షింపఁబోయెనో వారు ఆతనియెదుట నెట్లు నిలుతురో చూచి చెప్పిన వాక్యములు యుద్ధసాహిత్యమున నంత సులభముగా దొరకవు.

కాలు మానినపిదప ఆమె మరలఁ బోలేదు. అది కాఁపులకును భూస్వాములకును నడుమ యుద్ధముగాఁ దోఁచుట మాని, రష్యా, జర్మనీ, ఇటలీల యుద్ధమయ్యెనని ఆమె కారణము చెప్పెను. మీరు రాజపక్షమువారైననేమి, అరగానులోని నా సహచరులకంటె మీరే నాకు దగ్గఱవారని బెర్నానోసునకు వ్రాసెను. ఆమె 1943లోను, ఆతఁడు 1948లోను గతించిరి. ఆ పిదపఁగాని ఉత్తరము అచ్చుకాలేదు. దీనినిబట్టి ఆమె తటస్థురాలయ్యెనని కొందఱు చదువుదురు. ఉత్తరమునందు అట్టి మాట లేదు. ఆమె ఫ్రాంకోను మెచ్చలేదు, బెర్నానోస్ రిపబ్లికునఁ జేరలేదు. ఎవరి చోట వారు నిలిచి, తమ వైపున జరిగిన హత్యకు హత్య యనియే పేరుపెట్టిరి.

తాటస్థ్యమును గూర్చి మన భారతమున నొక నిదర్శనము గలదు. కురుపాండవ యుద్ధమునఁ జేరక నిలిచిన రాజప్రముఖులిద్దఱు: బలరాముఁడు, రుక్మి. రుక్మి యొక యక్షౌహిణితో వచ్చి, భయపడినచోఁ దోడుపడుదునని అర్జునునితో గొప్పలు పలికెను; అర్జునుఁడు వలదనెను. దుర్యోధనుని కడకుఁ బోఁగా ఆతఁడును నిరాకరించెను. పరుల యుద్ధమును తన ప్రతాపమునకు రంగముగాఁ జేసికొనఁ జూచినవాని గతి యది. 1936లో ప్యారిసునుండి, లండనునుండి రైలెక్కినవారిలో రుక్ములు లేకపోలేదు. బలరాముఁడన్ననో ఇరువురును శిష్యులే యని, సరస్వతీతీరమునఁ దీర్థయాత్రకుఁ బోయెను. కాని ఆతఁడు గదాయుద్ధమునాఁటికిఁ దిరిగివచ్చి, భీముఁడు తొడ విఱుగఁగొట్టినంతనే నాఁగలి యెత్తెను. పదునెనిమిది యక్షౌహిణులు నశించునప్పుడు లేని కోపము ఒక నియమభంగమునకు వచ్చెను. దూరముననున్నవానికి యుద్ధమున నియమము కనఁబడును, మనుష్యులు కనఁబడరు. ఎలియట్ జవాబును జదివినపుడు నాకీ తీర్థయాత్ర జ్ఞప్తికి వచ్చును.

ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. స్పెయిను పరదేశమనుటయే తప్పని ఆ కాలమునఁ బెక్కుమంది తలఁచిరి. వారిలో జవహర్‌లాల్ నెహ్రూ ఒకఁడు. ఆయన 1938 జూన్ నెలలో వి. కె. కృష్ణ మీనన్‌తోఁ గూడ బార్సిలోనాకుఁ బోయి, బాంబులు పడుచున్న యా నగరమును జూచెను. ఆ తలంపులు 1940లో వెలువడిన 'చైనా, స్పెయిన్ అండ్ ది వార్' అను గ్రంథమునఁ జేరినవి. పరపాలనమున నున్న జాతికి, ఎచ్చట నొక జాతి స్వేచ్ఛ యణఁచఁబడినను అది తన యుద్ధమే యని ఆయన మతము. మన పాఠకులకుఁ బ్రియమైన మాటయే, సత్యముగూడను. అయినను అది పరదేశీయుని బాధ్యతను దగ్గింపదు, పెంచును. యుద్ధము నీదే యైనచో, నీ వైపున జరిగిన సిట్జెసులును నీవే. స్వేచ్ఛలో నైక్యమును జెప్పినవారిలో ఈ రెండవ సగమును గూడ నంగీకరించినవారు మిక్కిలి తక్కువ.

ఆర్వెల్ గ్రంథమును దెనుఁగు చేయఁబూనువారికి ఒక పాఠనిర్ణయసమస్య యెదురగును. 1938 ముద్రణమున బార్సిలోనా కలహములను, పౌమ్‌పై మోపఁబడిన యబద్ధములను బత్రికావాక్యములతో విమర్శించు నధ్యాయములు రెండు కథనడుమ నున్నవి. అవి యిష్టము లేనివారు దాఁటిపోవచ్చునని రచయితయే చెప్పెను. మరల ముద్రించునప్పుడు వానిని అనుబంధములుగాఁ గడపట నుంచవలెనని వ్రాసిపెట్టెను. 1986 ముద్రణమునుండి అట్లే యుంచుచున్నారు. కాని 1946లో వ్రాసిన 'నేనేల వ్రాయుదును' అను వ్యాసమున ఆతఁడే మఱియొక మాట చెప్పెను. ఆ పత్రికావాక్యముల యధ్యాయము గ్రంథమును జెడగొట్టుచున్నదని తాను గౌరవించు విమర్శకుఁడొకఁడు మందలించెననియు, నిరపరాధులపై బొంకులు మోపఁబడుచున్నవని తెలియకున్నచో తాను గ్రంథమే వ్రాసియుండననియు అందుఁ గలదు. రచయిత తుదికోరికను మన్నించుట సంపాదకధర్మము. అయినను తెనుఁగు ప్రతిలో మొదటి క్రమమునే యుంచుట మేలని నా యభిప్రాయము. కందకములలోని చలినుండి నేరుగాఁ బత్రికల బొంకులలోనికిఁ బాఠకుఁడు నడువవలెను, వానికి విసుగు పుట్టినను సరే.